ముత్యాల సరంలో నాలుగో పాదం ఎంత పొట్టిగా ఉండొచ్చు?

నిన్న ఒక తమ్ముడు అడిగాడు కదా, గురజాడ వారి నాలుగు పాదాల ఛందస్సు ముత్యాల సరంలో చివరి పాదానికి కూడా మాత్రలన్నీ (అక్షరం పలికే కాలం లెక్క, లఘువుకి ఒకటి, గురువుకి రెండు) నిండాలా అని. అక్కర్లేదు. 3+4+3+4 నడకలో మొదటి మూడు పాదాలకీ 14 మాత్రలుంటే చాలు, నాలుగోది సగం దాకా తగ్గినా చెల్లుతుంది. మన గురజాడ వారిదే లెక్కేసుకోండి: "గుత్తునా ముత్యాల సరములు"కి సరిగ్గా 14, నాలుగో పాదం "క్రొమ్మెరుంగులు జిమ్మగా"కి 12. ప్రాస బెంగ కూడా లేదు. వృషభగతి రగడ అనే పాత మాత్రల ఛందస్సు తెలిసినవాళ్లకి ఈ నడక కొత్తేం కాదు, దాని 28 మాత్రల పాదాన్ని రెండుగా విరిస్తే ఇదే.

కానీ ఆ తగ్గించడం ఎందుకో కాగితం మీద తెలీదు, నలుగురిలో చదవాలి. మొన్న విజయనగరంలో కూర్చున్నప్పుడు పలాస వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఇది చదివింది (తనని అడిగే పెడుతున్నాను):

ఏటి గట్టున పొద్దు వాలెను
ఇసుక తిన్నెలు చల్లబడ్డవి
జీడి తోటల దారి వెంబడి
అమ్మ ఇంకా ఇల్లు చేరదు

ఛందస్సుకి వంక పెట్టలేం. బాగుంది బాగుంది అన్నారు, ఈలోగా టీ వచ్చింది, అందరూ గ్లాసుల మీద పడ్డారు. ఒక మాస్టారు మాత్రం వేళ్లు ముడుస్తూ "ఆ 'ఇల్లు చేరదు' తీసేసి 'రాదు' అని చదువమ్మా" అన్నారు. చదివింది, అమ్మ ఇంకా రాదు, పదే మాత్రలు. పక్కనున్న ఆవిడ వెంటనే "ఏం, జీడి పిక్కల పనికెళ్లిందా?" అని అడిగేసింది, ఇంకొకాయన కాదు సంతకెళ్లుంటుంది అని, ఇక చూస్కోండి వాదులాట! కవితలో ముక్క లేని కథంతా వినేవాళ్లే తెచ్చి ఆ నాలుగు మాత్రల ఖాళీలో పోసేశారు. ఆ పిల్ల మొహం చూడాల్సింది. పత్రికలో అచ్చయినా అంత సంబరం ఉండదని నా నమ్మకం.

(కింద వచ్చిన కామెంట్లు, నా జవాబులు)

బొబ్బిలి వీణ: అన్నా, వాళ్లు పనికెళ్లిందా అని అడిగింది కుతూహలం కొద్దీ కాదేమో. "రాదు" అనగానే ఇక ఎప్పటికీ రాదేమో అని టెన్షన్ పుడుతుంది. నాకైతే పుట్టింది.

నిజమేనమ్మా, నాకు తట్టలేదు. "ఇంకా" అనేది ఒకవైపు లాగుతుంటే "రాదు" ఇంకోవైపు లాగుతోంది.

ఉద్దానం గాలి: నాలుగోది సరే, మూడో పాదం సంగతేంటి? "దారి వెంబడి" మాత్రల కోసం తెచ్చి అతికించినట్టుంది. జీడి తోటలో ఎవరు నడిచినా ఎండుటాకులు ముందు చెప్పేస్తాయి. "జీడి తోటల ఆకు చప్పుడు" అనొచ్చు కదా, లెక్క కూడా 14కి సరిపోతుంది.

అబ్బ! చప్పుడైతే వచ్చింది, మనిషే రాలేదు. ఇప్పుడే చెల్లెలికి పంపించా. వచ్చే ఆదివారం రెండు రకాలుగానూ చదివిద్దాం, నువ్వూ వచ్చేయ్, మాస్టారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.