స్పాన్ల కూడిక మొత్తం పొడవుకు సరిపోవట్లేదు: వంతెన కొలతలు ఎక్కడ వెతకాలి?

పట్టాలపిచ్చి:
రైలు సిమ్యులేటర్ రూట్ కోసం స్కాట్లాండ్‌లోని గ్లెన్‌ఫినన్ వయాడక్ట్‌ను (ఆర్చీల వరస మీద కట్టిన రైలు వంతెన) బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో 1:1 కొలతలతో చేస్తున్నాను. దొరికిన లెక్కలు: 21 ఆర్చీలు, ఒక్కోటి 50 అడుగులు, మొత్తం పొడవు 416 గజాలు, ఎత్తు 100 అడుగులు, పారాపెట్ల (అంచు పిట్టగోడల) మధ్య వెడల్పు 18 అడుగులు, కర్వ్ వ్యాసార్ధం 12 చైన్లు (చైన్ అంటే 66 అడుగులు). ఒక ఆర్చీ చేసి 15.24 మీటర్ల చొప్పున 21 సార్లు అర్రే పెడితే (వరసగా కాపీ చేస్తే) అవతలి గట్టుకు 60 మీటర్లు తక్కువొస్తోంది. ఏ లెక్క తప్పు? ఇంకో సంగతి, రూట్‌లో చిన్న గర్డర్ (దూలం) వంతెనలు కొన్ని ఉన్నాయి. వాటికి డ్రాయింగులే కనబడలేదు.

గర్డర్‌బాబాయ్:
లెక్కలు రెండూ సరైనవే. 50 అడుగులు క్లియర్ స్పాన్, అంటే ఒక స్తంభం ముఖం నుంచి ఎదుటి స్తంభం ముఖం దాకా ఉన్న ఖాళీ. మీరు దాన్ని సెంటర్ టు సెంటర్‌గా వాడారు. 21 × 15.24 = 320 మీటర్లు, 416 గజాలంటే 380.4 మీటర్లు. ఆ 60 మీటర్లూ 20 స్తంభాల మందం, రెండు చివర్ల అబట్‌మెంట్లు (గట్టును ఆనుకున్న కట్టడాలు). అలాగని 60ని 20తో భాగించి తలా 3 మీటర్లు పెట్టేయకండి. అబట్‌మెంట్లకు ఎంత పోయిందో ముందు తేలాలి, పైగా స్తంభాలన్నీ ఒకే లావు కావు, ఫొటోలు చూస్తే తెలిసిపోతుంది.

గర్డర్ వంతెనల్లో ఇంకా తికమక. అక్కడ 'స్పాన్' అంటే క్లియర్ స్పాన్ కావచ్చు, బేరింగ్ (గర్డర్ చివర ఆనే దిమ్మ) మధ్య నుంచి బేరింగ్ మధ్యకు కావచ్చు, గర్డర్ మొత్తం పొడవూ కావచ్చు. ఎక్కణ్ణుంచి ఎక్కడికో రాయని అంకెను మోడల్‌లోకి ఎక్కించొద్దు.

మొత్తం పొడవు సరిచూసుకోవడానికి నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైట్‌లోని పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ సర్వే సంస్థ) మ్యాపులు, మైలుకు 25 అంగుళాలవి, ఆ చోటికి ఉంటే చాలు. స్కేలు 1:2500, అంటే మ్యాపు మీద 1 మిల్లీమీటరు నేల మీద 2.5 మీటర్లు. స్తంభం మందం మాత్రం వాటిలో కొలవకండి, గీత మందమే అర మీటరు తినేస్తుంది. అమెరికా వంతెనలైతే హిస్టారిక్ అమెరికన్ ఇంజినీరింగ్ రికార్డ్ చూడండి. కొన్నింటికి కొలిచి గీసిన డ్రాయింగులే ఉచితంగా ఉంటాయి, చాలావాటికి ఫొటోలూ వివరణ పేజీలే.

లైడార్‌లోకం:
ఎత్తు, కర్వ్ గురించి చెప్తాను. 100 అడుగులు లోయ బాగా దిగిన చోట మాత్రమే. మిగతా స్తంభాల పొడవు నేలను బట్టి వస్తుంది. లైడార్ (పైనుంచి లేజర్‌తో కొలిచిన ఎత్తుల) డేటా ఉన్న ప్రాంతమైతే డీఎస్ఎం, డీటీఎం అనే ఎత్తుల మ్యాపులు రెండూ దించుకోండి. డీటీఎంలో వంతెనను తీసేసి నేల మాత్రమే ఉంచుతారు, డీఎస్ఎంలో సాధారణంగా డెక్ (పట్టాలుండే పై తలం) ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ప్రతి స్తంభం దగ్గరా ఎత్తు వచ్చేస్తుంది. పాయింట్ క్లౌడే (లేజర్ కొలిచిన విడి బిందువులు) దొరికితే క్లాస్ 17 చూడండి, అది బ్రిడ్జ్ డెక్‌కు కేటాయించిన నంబరు. 30 మీటర్ల గడుల ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల డేటా) జోలికి వెళ్లకండి, 5.5 మీటర్ల వెడల్పు డెక్ అందులో ఆనవాలుకు కూడా దొరకదు.

శాటిలైట్ ఇమేజ్ మీద కర్వ్ ట్రేస్ చేయడం అసలు వద్దు. కెమెరా 20 డిగ్రీలు వాలి తీసి ఉంటే 30 మీటర్ల ఎత్తున్న డెక్ దాదాపు 11 మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. చివర్లు నేలను ఆనుకుని ఉంటాయి గనక అవి కదలవు, మధ్య భాగమే జరుగుతుంది, దాంతో వ్యాసార్ధమే మారిపోతుంది. 12 చైన్లు అంటే 241.4 మీటర్లు, అదే పెట్టండి.

పట్టాలపిచ్చి:
థాంక్సండి. మరి డ్రాయింగులు లేని గర్డర్లు? కర్వ్ మీద వాటిని బెండ్ మాడిఫైయర్‌తో వంచేయొచ్చా?

గర్డర్‌బాబాయ్:
వంచకండి, గర్డర్ తిన్నగానే ఉంటుంది. దాని మీద ట్రాక్ ఒక్కటే వంపు తిరుగుతుంది. ఎంత పక్కకు జరుగుతుందో L²/8R (L స్పాన్, R వ్యాసార్ధం) చెప్తుంది: 15 మీటర్ల స్పాన్, 241 మీటర్ల వ్యాసార్ధానికి 12 సెంటీమీటర్లు. డెక్ మీద అంత చోటు వదలండి.

కొలతలకు ఫొటోనే దిక్కు. పట్టాల లోపలి అంచుల మధ్య 1435 మిల్లీమీటర్లు ఖాయం, కానీ ఆ స్కేలు ఆ దూరంలో ఉన్నవాటికే చెల్లుతుంది. గర్డర్ ముఖం కెమెరాకు పట్టాలకంటే 2 మీటర్లు దగ్గరగా ఉంటే, 20 మీటర్ల నుంచి తీసిన ఫొటోలో 10 శాతం పెద్దదిగా వస్తుంది, 100 మీటర్ల నుంచి జూమ్‌తో తీస్తే 2 శాతమే. కాబట్టి దూరం నుంచి, వంతెనకు ఎదురుగా తీసిన ఫొటో వెతకండి. ప్లేట్ గర్డర్‌కు (రేకు దూలం) నిలువు స్టిఫెనర్లు (బిగువు పట్టీలు), ట్రస్‌కు (కడ్డీల చట్రం) ప్యానెళ్లు (గడులు) లెక్కపెట్టండి. ఒక గడి సరిగ్గా తెలిస్తే, చివరి గడులు పొట్టివి కానంతవరకు, మొత్తం వచ్చేస్తుంది. చివరగా లోతు చూడండి: మామూలు ప్లేట్ గర్డర్ లోతు స్పాన్‌లో పదో వంతు, పన్నెండో వంతు దగ్గర ఉంటుంది. మీకు ఇరవయ్యో వంతు వచ్చిందంటే స్పాన్ కొలత మళ్లీ చూసుకోండి.