కరోనా ఏడాది రైతుబంధు: పట్టా ఉన్నోళ్లకా, పంట వేసినోళ్లకా?

మూసీ ఒడ్డు: 2020లో నకిరేకల్ దగ్గర ఐదెకరాలు కౌలుకు చేశాను, ఎకరాకు 12 వేలు. లాక్‌డౌన్‌లో కోత మిషన్ దొరక్క సగం వరి నేలకొరిగింది. ఆ వానాకాలం తెలంగాణ సర్కారు ఇచ్చిన రైతుబంధు ఎకరాకు 5 వేల చొప్పున 25 వేలు పడింది, హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు ఖాతాలో. ఇది న్యాయమేనా?

దేవరకొండ రైతు: ముందు ఒక మాట. రైతుబంధు కరోనా సాయం కాదు. 2018లోనే మొదలైంది, అప్పుడు ఎకరాకు 4 వేలు. కరోనా సాయమంటే రేషన్ కార్డుకు 1,500, మనిషికి 12 కిలోల బియ్యం. అవి మీకూ వచ్చాయి కదా?

మూసీ ఒడ్డు: పేరేదైనా కానీ, ఆ కష్టంలో రైతుకని వచ్చిన పెద్ద డబ్బు అదే.

దేవరకొండ రైతు: పేరు ముఖ్యమే. అది పెట్టుబడి సాయం.

మూసీ ఒడ్డు: పెట్టుబడి పెట్టింది నేనే కదా!

బత్తాయి తోట: పట్టా ఉండి నాకేం ఒరిగింది? ఢిల్లీకి లారీలు పోక కాయంతా చెట్ల కిందే రాలింది. పొద్దున తోటలోకి పోతే అడుగడుగునా కాళ్ల కింద మెత్తగా చితికేది. ఆ ఏడు పడ్డ రైతుబంధును బ్యాంకోళ్లు పాత బాకీకి పట్టుకున్నారు.

పాలమూరు బిడ్డ: భూమే లేని కూలోళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరేం?

దేవరకొండ రైతు: మీ పట్టాదారు కౌలు తగ్గించాడా? అది చెప్పండి.

మూసీ ఒడ్డు: పైసా తగ్గించలేదు. వడ్లు కొనే కాంటా దగ్గర ఇంకా ఘోరం. పాసుబుక్ జిరాక్స్ కావాలన్నారు. నా వడ్లకు ఆయన ఖాతా నంబర్ ఇచ్చి, ఆయన ఫోన్ ఎత్తేదాకా తొమ్మిది రోజులు తిరిగాను. మీరూ అట్లాంటి ఆసామే అయి ఉంటారు.

దేవరకొండ రైతు: మాట జాగ్రత్త! ఏడు బోర్లు వేస్తే రెండే పడ్డాయి. మా ఆవిడ పుస్తెలతాడు కుదువపెట్టి వేసిన బోర్లవి. ఆ అప్పు తీర్చడానికే సిటీలో ఆటో నడుపుతున్నాను. అసలు సంగతి చెప్తా వినండి. 5 వేల గురించి కాదు నా బాధ. కౌలుకిచ్చినట్టు కాగితం మీద రాయాలంటేనే భయం. మా తాత భూమిలో ఐదెకరాలు 1950 కౌలు చట్టంలోని 38-ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదారుకు సొంతమై పోయింది. అది తప్పని అనట్లేదు. మిగిలిన మూడెకరాలూ పోతే నా పిల్లలకేముంది?

మూసీ ఒడ్డు: అన్నా, మీ భూమి మాకొద్దు. 2011 సాగుదారుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు ఏడాదికే చెల్లుతుంది, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదు. పాత పహాణీలో, అంటే ఊరి భూమి లెక్కల్లో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే అనుభవదారు కాలమ్ ఉండేది, ధరణి పోర్టల్ వచ్చాక అదీ తీసేశారు. రేపు నాకేమన్నా అయితే రైతుబీమా 5 లక్షలు కూడా నా పిల్లలకు రావు.

దేవరకొండ రైతు: చట్టంలో అట్లనే ఉండొచ్చు. కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తే ఆటో ఎవరు నడపాలి?

బత్తాయి తోట: మీ కౌలుదారు పేరు ఎక్కడైనా రాశారా మరి?

దేవరకొండ రైతు: లేదు. ఆరేళ్లుగా నోటిమాటే. కరోనా ఏడు మాత్రం కౌలులో 3 వేలు తగ్గించాను. ఆయన అడగలేదు, నేనే తగ్గించాను.

మూసీ ఒడ్డు: అవసరం లేక అడగలేదనుకున్నారా అన్నా? మళ్లీ ఏడు పొలం ఇవ్వరేమోనని అడిగి ఉండడు. నేనూ అందుకే అడగలేదు.