కట్టెల పొయ్యా, బొగ్గు కూడా మండేదా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పాత రాతి ఇల్లు కొన్నాం. హాలులో ఇనుప పొయ్యి పెట్టించాలి. కట్టెలకు మాత్రమే పనికొచ్చేది తీసుకోవాలా, పొగ రాని బొగ్గు కూడా మండించేదా? అమ్మకు చలి అసలు పడదు.

జవాబు: కట్టె బూడిద పరుపు మీద, పైనుంచి గాలి తగిలితే బాగా మండుతుందండి. బొగ్గుకు కింది నుంచి గాలి కావాలి, అందుకే దానికి ఇనుప జాలీ. మా ఇంట్లో రెండూ మండేదే ఉంది. రాత్రి బొగ్గు వేస్తే తెల్లవారాక కూడా నిప్పు ఎర్రగా కనిపిస్తుంది. అమ్మగారి కోసం నేనైతే అదే తీసుకుంటాను.

మరో జవాబు: పెరట్లో వాన తగలని షెడ్డు ఉంటే కట్టెలదే మేలు. తేమ 20 శాతం లోపు ఉండాలి. దుంగను చీల్చి, లోపలి వైపు తేమ కొలిచే మీటరు గుచ్చి చూడండి. తడి కట్టె, బొగ్గు కలిపి మాత్రం వేయకండి. అలా వేసే మా పొగగొట్టం లోపలి స్టీలు తినేసుకుపోయింది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మరవకండి.

అడిగినవారు: షెడ్డు ఉంది. కట్టెల తేమ రేపే కొలుస్తాను.