పర్యావరణ పౌరసత్వం బడిలో వస్తుందా?

చదువరి:
పర్యావరణం పాఠ్యాంశమై దశాబ్దాలు గడిచాయి. 1977లో జార్జియాలోని తిబిలిసిలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సదస్సు ఈ విద్యకు అయిదు రకాల లక్ష్యాలు పెట్టింది: స్పృహ, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం. నేను చూసినంతలో బడులు రెండోదాని దగ్గరే చతికిలబడ్డాయి. ఆమ్లవర్షం నిర్వచనం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక తన వీధి చెత్త ఎక్కడికి పోతోందని ఒక్కసారైనా అధికారిని అడుగుతాడా? అడగడనే నా అనుమానం. అలా అడిగేవాడే పర్యావరణ పౌరుడని నా ఉద్దేశం. అసలు అలాంటివాణ్ణి తయారుచేయడం బడి వల్ల అయ్యే పనేనా? ‘అందరం చెట్లు నాటుదాం’ అనేవారు దయచేసి వేరే చర్చ చూసుకోగలరు.

పాతపంతులు:
ఏం జరిగినా బడి మీద పడటం ఒక ఆనవాయితీ అయిపోయింది. ఓజోన్ పొర సంగతే తీసుకోండి. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లనే రసాయనాలు దాన్ని దెబ్బతీస్తాయని మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. అంటార్కిటికా మీద పొర బాగా పల్చబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో బయటపెట్టారు. ఆ రసాయనాలకు కళ్ళెం వేస్తూ 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇందులో ఏదీ కంటికి కనబడేది, ముక్కుకు తగిలేది కాదు. కనబడని ప్రమాదాన్ని చదువు తప్ప మరేది చూపిస్తుంది? మార్కుల కోసమే చదివారంటారా, మొదట్లో ఏ పాఠమైనా అలాగే చదువుతారు.

నిప్పుకోడి:
చైతన్యం, చదువు అంటూ ఎంతకాలం? ఐర్లండ్‌లో 2002లో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేశారు. ఏడాది తిరిగేసరికి వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. పాఠం మొత్తం దుకాణం గల్లా దగ్గరే పూర్తయింది.

కొండవాగు:
నిప్పుకోడి గారూ, మీరు చెప్పింది కొనుగోలుదారు కథ. అందులో పౌరుడు ఎక్కడున్నాడు? పైగా ధర పెట్టడం ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లోని శిశు సంరక్షణ కేంద్రాల మీద 2000లో ఒక అధ్యయనం అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. డబ్బు కడుతున్నాం కదా అనే ధీమా వచ్చేసింది. జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు.

నా దృష్టిలో పౌరురాలంటే లోయిస్ గిబ్స్. అమెరికాలోని నయాగరా ఫాల్స్‌లో లవ్ కెనాల్ అనే పాత కాలువలో సుమారు ఇరవై వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి, ఆ నేల మీద బడి, దాని చుట్టూ ఇళ్ళు కట్టారు. అక్కడ ఉండే గృహిణి ఆవిడ. కొడుకు జబ్బు పడ్డాడు. 1978లో ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ అనారోగ్యమో రాసుకుని పటం మీద గుర్తులు పెడితే, అవి పూడిపోయిన పాత వాగుల వెంట బారులు తీరాయి. అధికారులు ఆ లెక్కల్ని కొట్టిపారేశారు. ఆవిడ వదల్లేదు, ఇరుగుపొరుగును కూడగట్టింది. 1980లో విషవ్యర్థాల శుద్ధికి సూపర్‌ఫండ్ చట్టం రావడం వెనుక ఆ పోరాటం ఉంది. నిలదీయడం ఆవిడకు ఏ తరగతి గదీ నేర్పలేదు.

ఇప్పుడేమో ఎవరి కర్బన పాదముద్ర, అంటే తమ బతుకు వల్ల గాలిలో కలిసే కర్బన వాయువుల మొత్తం, వారే లెక్కించుకోవాలట! 2000ల మధ్యలో ఆ మాటను జనంలోకి బాగా తీసుకెళ్ళినవారిలో బీపీ అనే చమురు సంస్థ ఉందని గుర్తుపెట్టుకోండి. ఇంట్లో దీపాలు ఆర్పుకుంటూ కూర్చునే మనిషి చమురు సంస్థను ప్రశ్న అడగడు.

పాతపంతులు:
కొండవాగు గారు సగం కథే చెప్పారు. గిబ్స్ సేకరించిన వివరాలను విశ్లేషించి, ప్రభుత్వం ముందు వాటి పక్షాన నిలిచింది బెవర్లీ పేగెన్ అనే శాస్త్రవేత్త. ఆవిడ చదువు తోడు లేకపోతే ఆ పటాన్ని ఎవరు లెక్కచేసేవారు? అదీగాక, విషం మన గడప తొక్కేదాకా ఆగి నేర్చుకోవాలంటారా? వాతావరణ మార్పులో పొగ వదిలేది ఒకరు, వరదలో మునిగేది మరొకరు. నష్టపోయేవారిలో చాలామంది ఇంకా పుట్టనే లేదు. వారి తరఫున ఎవరు ఇంటింటికీ తిరుగుతారు?

నిప్పుకోడి:
ధీమా అన్నారు, ఐర్లండ్‌లో అలా జరగలేదే! జనం ఆ పన్నును మెచ్చుకున్నారు కూడా. ముందు అలవాటు మారింది, అభిప్రాయం దాని వెనుక నడిచింది. మీరు మనసులు మార్చి వచ్చేదాకా సముద్రం ఆగదు.

కొండవాగు:
మెచ్చుకున్నారంటే ఊరికే కాదు. పన్ను ఎందుకో ముందే ప్రచారం చేశారు, వచ్చిన సొమ్మును పర్యావరణ నిధికి మళ్ళించారు. జనాన్ని లెక్కలోకి తీసుకున్న చట్టం అది. మీరు అంకెను మాత్రం పట్టుకుని మిగతాది వదిలేశారు.

చదువరి:
పంతులు గారి చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మిగతా వాదనలో మాత్రం నేను కొండవాగు గారి వైపే మొగ్గుతున్నాను. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 1998లో కుదిరిన ఒప్పందం పర్యావరణం విషయంలో ప్రజలకు మూడు హక్కులు గుర్తించింది: సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాల్గొనడం, న్యాయస్థానానికి వెళ్ళడం. మన పాఠాల్లో విధులే తప్ప ఈ హక్కులు ఎక్కడున్నాయి? సమాచారం కోరుతూ అర్జీ రాయడం ఒక్క తరగతిలోనైనా నేర్పుతున్నామా?

బడుల్లో పర్యావరణ పనులు చేయించేందుకు 1994లో మొదలైన ఎకో స్కూల్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో మొదటి మెట్టే విద్యార్థులున్న కమిటీ. ఆలోచన బాగుంది. ఆ కమిటీకి గోడపత్రికలు అంటించే పని మాత్రం ఇచ్చి, బడి కరెంటు బిల్లు, చెత్త తరలింపు నిర్ణయం పెద్దల చేతిలోనే ఉంచుకుంటే పిల్లలు నేర్చుకునేది అణకువే. నిజమైన నిర్ణయం ఒక్కటైనా వాళ్ళకు వదలాలి.

పాతపంతులు:
వదిలేశాం అనుకుందాం. చెత్త వేరు చేయడం విసుగని, అంతా కలిపి పడేసే పద్ధతికే పిల్లలు ఓటు వేస్తే?

కొండవాగు:
వేయనివ్వండి. ఆ చెత్త చివరికి చేరే చోటికి వాళ్ళను తీసుకెళ్ళి, అక్కడ బతికేవారితో మాట్లాడించి, వచ్చే ఏడాది మళ్ళీ ఓటు పెట్టండి.

పాతపంతులు:
అదంతా బడి చేయాల్సిన పనే కదండీ!