చీజ్ కత్తులకి కొమ్ము పిడి వేయించవచ్చా?

మాది పర్లాకిమిడి. చీజ్ అంటే చెవి కోసుకునే మా మేనకోడలి పెళ్లికి మంచి చీజ్ కత్తుల సెట్టు ఇద్దామనుకుంటున్నాను. ఫ్రాన్స్‌లో కత్తులకి పేరున్న లగియోల్ ఊరి రకం చూశాను గానీ, ఆ కత్తుల గుర్తైన తేనెటీగ బొమ్మ ఉన్నంత మాత్రాన అది అక్కడ చేసిందేనని నమ్మకం లేదు. ఆ పేరుతో చైనా సరుకూ వస్తోంది. అసలుదాన్ని ఎలా పోల్చుకోవాలి?

ఇంకో ఆలోచన. మా ఊరు కొమ్ము పనికి పేరున్నది కదా, బ్లేడ్లు మాత్రం కొని, పిడులు ఇక్కడే గేదె కొమ్ముతో చేయిస్తే? నున్నగా రుద్దిన నల్ల కొమ్ములో సన్నటి తెల్ల చార మెరుస్తుందే, ఆ అందం ఏ ప్లాస్టిక్‌కీ రాదు. కాకపోతే కొమ్ము వేడి నీళ్లకి వంకర పోతుంది, డిష్‌వాషర్‌లో పెట్టకూడదు. కొత్త కాపురంలో అంత ఓపిక ఉంటుందా అని నా అనుమానం.

మెత్తని చీజ్‌కి చిల్లుల బ్లేడు, పర్మేసాన్ లాంటి గట్టిదాన్ని పెళ్లగించడానికి బాదం ఆకారపు పొట్టి కత్తి, ఈ రెండూ చాలా? కార్బన్ స్టీలు చెమ్మకి తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్సే నయమనిపిస్తోంది. పిడి లేని బ్లేడ్లు విడిగా ఎక్కడ దొరుకుతాయో, కొమ్ముని రివిట్లతో బిగించాలో ఊరికే అతికిస్తే చాలో తెలిసినవాళ్లు చెప్పండి బాబూ.