ఎల్‌కేజీకి మియాపూర్‌లో మూడు స్కూళ్లు చూశాం, దేన్నిబట్టి తేల్చుకోవాలి?

మియాపూర్_అమ్మ:
బాబు అక్టోబర్‌లో పుట్టాడు. వచ్చే జూన్‌కి 4 ఏళ్ల 8 నెలలు. ప్లేస్కూల్లో నర్సరీ అయిపోతోంది. మూడు చోట్ల కనుక్కున్నాం.

మొదటిది ఇంటికి 600 మీటర్లలో ఒక చైన్ బ్రాంచి. ఐదంతస్తుల బిల్డింగ్, గ్రౌండ్ లేదు. బోర్డు మీద "సీబీఎస్‌ఈ కరిక్యులమ్" అని ఉంది. ట్యూషన్ ఫీజు 72,000. నర్సరీ అయింది కదా, నేరుగా యూకేజీలో వేస్తే ఏడాది కలిసొస్తుందంటున్నారు. రెండోది 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సీబీఎస్‌ఈ స్కూలు. గ్రౌండ్ బాగుంది, ఫీజు 1,10,000, బస్సుకి 38,000. మూడోది కాలనీలోని స్టేట్ సిలబస్ బడి. ఐదో తరగతి వరకే ఉంది, ఫీజు 32,000. వెళ్లినప్పుడు ఏం అడగాలో, ఏం చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బడిగంట:
ముందు ఆ "కరిక్యులమ్" అన్న మాట దగ్గర ఆగండి. సిలబస్ చెప్పడం వేరు, అఫిలియేషన్ అంటే బోర్డు ఇచ్చిన గుర్తింపు ఉండటం వేరు. అది ఉన్న స్కూలు దాన్ని దాచుకోదు, నంబరుతో సహా గేటు మీద రాసుకుంటుంది. నంబరు అడిగి తీసుకుని సీబీఎస్‌ఈ సారస్ పోర్టల్లో వెతకండి. స్కూలు పేరు, అడ్రసు, ఏ స్థాయి వరకు అఫిలియేషన్, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ వస్తాయి. అడ్రసు పిన్‌కోడ్‌తో సహా కలవాలి. ఒక క్యాంపస్‌కి వచ్చిన నంబరుని నాలుగు బ్రాంచిల బ్రోచర్లలో అచ్చు వేయించుకునేవాళ్లున్నారు. ఎల్‌కేజీలో దీనివల్ల ఏమీ కాదు. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ వచ్చేసరికి బయటపడుతుంది. పిల్లాడి పేరు ఎప్పుడూ చూడని వేరే బడి నుంచి వెళ్తుంది, లేదా "స్టేట్ సిలబస్‌లో రాయించండి" అంటారు.

స్టేట్ సిలబస్ బడికైనా ఒకటో తరగతి నుంచి విద్యాశాఖ గుర్తింపు తప్పనిసరి. గుర్తింపు లేకుండా నడిపితే విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా. యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ రికార్డుల్లో బడికి ఇచ్చిన నంబరు, అడగండి. 11 అంకెలు, తెలంగాణలో 36తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ సైటులో ఆ కోడ్ కొడితే ఏ తరగతులున్నాయి, ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అన్నది కనిపిస్తుంది. ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ అన్నది చట్టంలో ఉన్న లెక్క. స్కూలు పీఆర్‌వో నోటితో చెప్పిన సంఖ్యని దీనితో పోల్చండి.

రెండో స్కూలు వెబ్‌సైట్లో "మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" అనే పేజీ ఉండాలి, సీబీఎస్‌ఈ నిబంధన అది. అందులో ఫైర్, బిల్డింగ్ సేఫ్టీ సర్టిఫికెట్లు తెరిచి తేదీ చూడండి. గడువు దాటిన కాగితమే ఏళ్ల తరబడి అలాగే వేలాడుతుంటుంది.

ఐదంతస్తుల దాంట్లో చిన్నపిల్లల క్లాసులు ఏ అంతస్తులో ఉన్నాయి? కింద ఉంటేనే మాట్లాడండి. రెండో మెట్ల దారి ఉందా, దానికి తాళం వేశారా అన్నది మీరే నడిచి చూడండి. 2004లో తమిళనాడులోని కుంభకోణం అనే ఊళ్లో ఒక బడిలో నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ తర్వాతే 2009లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నిటికీ అగ్నిప్రమాద జాగ్రత్తలు తప్పనిసరి చేసింది. అయినా రెండో మెట్ల కింద పాత బెంచీలు పేర్చే బడులు ఇప్పటికీ ఉన్నాయి.

పలకాబలపం:
యూకేజీలోకి ఎక్కించడానికి ఒప్పుకోకండి. లెక్క వేయండి. వచ్చే జూన్‌లో యూకేజీ అంటే ఆ పై జూన్‌లో ఒకటో తరగతి, అప్పటికి 5 ఏళ్ల 8 నెలలు. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరు నిండాలంటుంది, కేంద్రీయ విద్యాలయాల్లో మార్చి 31కి ఆరు నిండాల్సిందే. మధ్యలో మీకు బదిలీ అయితే అక్కడ చిక్కుకుంటారు. ఎల్‌కేజీలో వేస్తే ఒకటో తరగతికి 6 ఏళ్ల 8 నెలలు, ఏ బోర్డుకైనా ఇబ్బంది లేదు. ఏడాది కలిసొచ్చేది స్కూలుకి. యూకేజీలో ఖాళీ సీట్లున్నప్పుడే ఈ మాట వినిపిస్తుంది.

ఈ వయసుకి బోర్డు ఏదన్నది నిజానికి పెద్ద విషయం కాదు. క్లాసు టీచర్ ఎవరన్నదే విషయం. ఎల్‌కేజీ పిల్లాడి నోట్‌బుక్ ఒకటి చూపించమనండి, ఫిబ్రవరిదైతే మంచిది. పేజీ నిండా 1 నుంచి 100 వరకు, పక్కన కర్సివ్ అక్షరాలు, అన్నీ ఒకే వాలుతో ఉన్నాయంటే చెయ్యి పట్టుకుని రాయిస్తున్నారన్నమాట. నాలుగేళ్ల పిల్లాడి వేళ్లకి ఇంకా ఆ పట్టు రాదు. పెన్సిల్‌ని పిడికిలితో బిగించి రాయడం అలవాటైతే తర్వాత విడిపించడం కష్టం. మట్టి ముద్దలు, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, పలక మీద పెద్ద గీతలు, ఇవి ఉండాలి. వంద వరకు అంకెలు రాసే పిల్లాడిని "ఏడు చింతపిక్కలు ఇవ్వు" అంటే ఇవ్వలేకపోతే ఆ చదువు ఎందుకూ పనికిరాదు.

2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ప్రీ ప్రైమరీకి అసలు సంచీయే ఉండకూడదు, రెండో తరగతి వరకు హోంవర్కు ఉండకూడదు. గేటు దగ్గర సంచీలు చూస్తే ఎవరు పాటిస్తున్నారో తెలిసిపోతుంది.

స్కూలు వాళ్లు తిప్పి చూపించే టైములో కాకుండా ఎల్‌కేజీ వదిలే టైముకి వెళ్లండి. పిల్లలని ఎవరి చేతికి ఇస్తున్నారు, కార్డు చూస్తున్నారా, లేక పేరు అరిచి వదిలేస్తున్నారా? బాత్రూంలో సబ్బు ఉందా, కుళాయి పిల్లాడికి అందుతుందా, ఆయమ్మలు ఎంతమంది? చివరగా ఒక్క ప్రశ్న: ఈ ఎల్‌కేజీ టీచర్ ఇక్కడ ఎన్నో ఏడాది? అందరూ ఈ జూన్‌లోనే చేరినవాళ్లైతే జీతాల సంగతి అర్థం చేసుకోండి. ఏడాది మధ్యలోనూ టీచర్ మారుతుంది, పిల్లాడు మళ్లీ మొదటి వారం ఏడుపు ఏడుస్తాడు.

మియాపూర్_అమ్మ:
చాలా థాంక్సండీ. చైన్ వాళ్లు అడ్మిషన్ 25,000, పుస్తకాలు 9,000, యూనిఫాం బూట్లు 6,500, యాక్టివిటీ 8,000 అని విడిగా చెప్పారు. ఫీజు ఈఎంఐలో కట్టొచ్చు, వడ్డీ లేదంటున్నారు.

లెక్కలపద్దు:
అంటే మొదటి ఏడాది 72 వేలు కాదు, 1,20,500. ట్యూషన్ ఫీజు ఏటా 10 శాతం పెరిగితే నాలుగో తరగతికి 1,15,957 అవుతుంది. పోయిన మూడేళ్ల ఫీజు రసీదులు ఇప్పటికే చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల దగ్గర చూడండి, ఎంత శాతం పెంచుతున్నారో స్కూలు చెప్పే మాట కంటే అవే నయం. 9,000 పుస్తకాల గురించి ఒక మాట: ఎన్‌సీఈఆర్‌టీ ఒకటో తరగతి పుస్తకం ఒక్కోటి 65 రూపాయలు. ఎల్‌కేజీకి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకమే లేదు. మీరు కొనేది చైన్ సొంత ముద్రణ.

ఈఎంఐ అంటే చాలా చోట్ల స్కూలు ఇచ్చే వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. ఏడాది ఫీజంతా కంపెనీ స్కూలుకి ముందే కట్టేస్తుంది. ఆగస్టులో పిల్లాడిని మాన్పించినా మీ బ్యాంకు నుంచి కిస్తీ కట్ అవుతూనే ఉంటుంది, ఆపితే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఫారం మీద ఆర్‌బీఐ, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అన్న మాటలు కనిపిస్తే ఆగి, మధ్యలో మానేస్తే మిగతా డబ్బు ఎవరు ఎవరికి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. స్కూలుకే నేరుగా టర్మ్‌కి ఇంత అని కట్టడం మేలు. రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్ను మినహాయింపుకి ట్యూషన్ ఫీజు ఒక్కటే లెక్కలోకి వస్తుంది, అడ్మిషన్ డొనేషన్, బస్సు రావు.

స్టీరింగ్:
9 కి.మీ. అన్నది కాదు, బస్సులో మీవాడు ఎన్నో స్టాపు అన్నది అడగండి. మొదట ఎక్కి చివర దిగేవాడైతే మియాపూర్ ట్రాఫిక్‌లో ఒక వైపే గంట దాటొచ్చు. బస్సు నంబరు తీసుకుని ఎం పరివాహన్ యాప్‌లో కొట్టండి, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు వస్తాయి. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది, జూన్‌లో బడి తెరిచేలోపు రవాణాశాఖ దగ్గర మళ్లీ చేయించాలి. జూన్ మూడో వారంలో ఇంకోసారి చూడండి. అటెండర్ లేని బస్సు ఎక్కించొద్దు. చిన్నపిల్లలు దిగి బస్సు ముందు నుంచే దాటతారు, ఆ ఎత్తు నుంచి డ్రైవర్‌కి కనపడరు.

బడిగంట:
పైవాళ్లు చెప్పిన వాటికి మూడో బడి నిలబడితే నేను దాన్నే ముందు పెడతాను, ఒక షరతు మీద. ఐదో తరగతి తర్వాత ఎలాగూ మారాలి, కాబట్టి టీసీ ఇచ్చేటప్పుడు పిల్లాడి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) యూడైస్‌లో కొత్త బడికి వదులుతారా అని ఇప్పుడే కనుక్కోండి. ఫీజు బాకీ తగాదాల్లో దాన్ని పట్టుకుని కూర్చునే బడులున్నాయి, కొత్త బడి పిల్లాడిని ఆన్‌లైన్‌లో చేర్చుకోలేదు. నిరుడు ఐదు పూర్తిచేసిన పిల్లలు ఎక్కడ చేరారో హెడ్‌మాస్టర్‌ని అడిగి, ఆ ఇళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి.