అప్‌డేట్: పొయ్యి వెనక జిడ్డు వదిలింది

విజయనగరంలో మా వంటింట్లో పొయ్యి వెనక టైల్స్ జిడ్డు సబ్బుతో పోవట్లేదని అడిగాను కదా, మీరు చెప్పిన చాకలి సోడానే పనిచేసింది, చాలా థ్యాంక్స్. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కరిగించి, పాత గుడ్డ తడిపి గోడకి అంటించి పావుగంట వదిలేస్తే ఆ పసుపు జిడ్డంతా మెత్తబడి గుడ్డతోపాటే ఊడొచ్చింది. చేతులు మండుతాయి, గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం గిన్నెలకి తగలనివ్వకండి, నల్లబడతాయి.

వేపుళ్లు తగ్గించమన్నారు గానీ బెండకాయ వేపుడు లేకపోతే పిల్లలు అన్నం ముట్టరు, అది మానను. వంటయ్యాక గోడ గోరువెచ్చగా ఉండగానే మావారు తుడిచేస్తున్నారు. టైల్స్ మధ్య గీతల్లో నలుపు మాత్రం ఇంకా ఉంది, దానికేం వాడతారు?